వృక్షతైలములును డీజిల్ ఇంజనును: ఒక సమీక్ష

మన ఇంజనీరింగు కళాశాలల మెకానికల్ ప్రయోగశాలలలో దేనిని దర్శించినను, ఒక ప్రక్క సిమెంటు దిమ్మపై బిగింపబడి, నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచు, 5 కిలోవాట్లకు కొంచెము మించిన శక్తినొసగు కిర్లోస్కర్ ఏకసిలిండరు డీజిల్ ఇంజనొకటి తఱచుగ కనబడును. గడచిన ఇరువదియైదేండ్లలో ఆ యొక్క జాతి ఇంజనుపై ఎన్ని ఎం.టెక్. వ్యాసములు, ఎన్ని పిహెచ్.డి. పట్టములు వెలసినవో లెక్కింప నలవి కాదు. కానుగ, వేప, ఇప్ప, అడవి ఆముదము, పత్తిగింజ, తవుడు, రబ్బరు గింజ, సిమరూబా అని నూనె మారును, ఇంజను మారదు, ఫలితమును మారదు. డీజిలులో నూటికి 20 పాళ్ళు బయోడీజిల్ కలిపినచో యంత్రము సుఖముగ నడచును, పొగ తగ్గును, నైట్రోజన్ ఆక్సైడులు కొంచెము హెచ్చును, ఇంధనవ్యయము స్వల్పముగ పెరుగును అని ప్రతి వ్యాసపు తుదిపుటయు ఉద్ఘోషించును. ఈ నిర్ణయము అసత్యము కాదు. కాని ఒకే ప్రశ్నకు ఒకే సమాధానము నూరు మారులు వచ్చిన పిమ్మట, ఆ ప్రశ్నను విడిచి దాని చెంతనున్న ఇతర ప్రశ్నలవైపు మరలుట న్యాయము. ఇంజను ఈ నూనెతో నడచునా యనునది ఏనాడో తీరిన సందేహము. ఆ నూనె ఎవరి భూమినుండి, ఏ ధరకు, ఏ గుణముతో, ఎన్నియేండ్లు ఎడతెగక వచ్చుననునదియే నేటికిని తెగని వివాదము. ఈ సమీక్షలో మొదటి విషయమును అవసరమైనంతవఱకు పరామర్శించి, రెండవదానియెడ ఎక్కువసేపు నిలువదలచితిని.

ఈ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ తన యంత్రమును వేరుసెనగనూనెకొఱకే సృష్టించెనను మాట పత్రికలలో తఱచు కనబడును. అది సరికాదు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమున జయప్రదముగ నడచిన తొలియంత్రము పెట్రోలియపు చమురుతోడనే నడచినది. 1900 సంవత్సరమున పారిస్ మహాప్రదర్శనమందు, ఆఫ్రికా వలసలలో సమృద్ధిగ పండు వేరుసెనగను అచ్చటనే యంత్రబలముగ మార్చుకొనవలెనని తలపోసిన ఫ్రెంచి ప్రభుత్వపు కోరికమీద, ఒట్టో కంపెనీవారు చిన్న డీజిల్ ఇంజనొకదానిని వేరుసెనగనూనెతో నడిపి చూపిరి. అది ఎంత సాఫీగ నడచెననగా, చూపరులలో బహుకొద్దిమందికి మాత్రమే ఇంధనము మారిన సంగతి తెలిసినదని డీజిల్ 1912 ప్రాంతమున స్వయముగ వ్రాసెను. అనగా తొలినాటినుండియు ఈ నూనెలయందలి ఆసక్తికి మూలము యంత్రశాస్త్రము కాదు. బొగ్గునకును చమురునకును పరాధీనమైన దేశముల వ్యవసాయచింత.

తరువాతి చరిత్ర యంతయు ఆ చింతతోడనే ఉబ్బి తగ్గినది. పెట్రోలియము చౌకయైన కాలమున నూనెగింజలు విస్మృతములయ్యెను. యంత్రనిర్మాతలు తేలికయగు డీజిలునకు తగినట్లు ఇంజెక్టరు రంధ్రములను సన్నగించుకొనిరి. 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన షావాన్ పామాయిలును ఎస్టరుగ మార్చి ఇంధనముగ వాడు విధానమునకు పేటెంటు పొందెను. మరుసటి యేట ఆ ఎస్టరుతో బ్రస్సెల్స్, లూవేన్ నగరముల నడుమ ఒక బస్సు తిరిగినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున చమురు కఱవై, మన దేశపు శాస్త్రజ్ఞులు సైతము దేశీయ తైలములను డీజిల్ యంత్రములలో పరీక్షించి 1942లో ఫలితములను ప్రకటించిరి. యుద్ధము ముగియగనే ఆ నివేదికలు బీరువాల పాలైనవి. 1973 నాటి చమురు సంక్షోభానంతరము దక్షిణాఫ్రికావారు పొద్దుతిరుగుడు ఎస్టరును పరీక్షించిరి. 1982లో అమెరికాలోని ఫార్గో నగరమున వృక్షతైలేంధనములపై అంతర్జాతీయసభ జరిగినది. ముడిచమురు ధర హెచ్చినపుడు లేచుట, తగ్గినపుడు పండుకొనుట ఈ విద్యకు నాటినుండియు అలవాటు.

పచ్చినూనెనే ఏల పోయరాదు? ఈ ప్రశ్న నేటికిని పల్లెలలో వినబడును; సమాధానము స్నిగ్ధతలో నున్నది. 40 డిగ్రీల ఉష్ణోగ్రతయందు డీజిల్ స్నిగ్ధత 2 మొదలు 4.5 సెంటీస్టోకుల వఱకు నుండగా, కానుగ, పొద్దుతిరుగుడు, పామ్ మొదలగు నూనెలది 30 మొదలు 45 వఱకు నుండును. ఆముదమైనచో 200 దాటును. ఇంత చిక్కని ద్రవము ఇంజెక్టరు కొననుండి తుంపరగ చీలక ధారగ పడును. ధార పూర్తిగ మండదు. మండని భాగము ఇంజెక్టరు ముక్కున బొగ్గుగ పేరును, పిస్టన్ రింగులను గాడులలో బిగియగట్టును, గోడలవెంట జాఱి క్రిందనున్న ఇంజనాయిలులో కలిసి దానిని బంకగ మార్చును. నిదానముగ తిరుగు పాతకాలపు పంపుసెట్టు ఇంజను దీనిని కొన్నివారములు సహించును; పది గంటల పరీక్షలో దోషమేమియు కనబడదు; నూరు గంటలు దాటిన పిమ్మటనే రోగము బయటపడును. నూనెను ముందుగ వేడిచేసి పలుచన గావించుట, జర్మనీలో ఎల్స్‌బెట్ వంటివారు నిర్మించిన ప్రత్యేక ఇంజనులను వాడుట మున్నగు ఉపాయములు లేకపోలేదు. అవి శ్రద్ధగల కొలదిమంది చేతులలో నెగ్గినవి కాని లోకములోని కోట్లకొలది ఇంజనులకు మార్గము కాజాలవు.

కావుననే ఎస్టరు. నూనె 100 కిలోలకు మిథనాలు సుమారు 10 కిలోలు చేర్చి, సోడియం హైడ్రాక్సైడు వంటి క్షారమును ఉత్ప్రేరకముగ వేసి, 60 డిగ్రీల వేడిలో కలియబెట్టినచో, నూనె అణువు విడివడి 100 కిలోల బయోడీజిలును 10 కిలోల గ్లిసరినును ఏర్పడును; గ్లిసరిను అడుగున నిలుచును, పైతేటను కడిగి ఆరబెట్టవలెను. పుస్తకములో ఇంతే. ఆచరణలో చిక్కు గింజవద్దనే మొదలగును. అడవిలో ఏఱిన ఇప్పగింజ, చెట్టు క్రింద రాలిన కానుగకాయ వానకు తడిసి, గోతాములలో ఉక్కపోసి, గానుగకు చేరునప్పటికి నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లములు పెరుగును. అవి నూటికి రెండు మూడు పాళ్ళు మించినచో క్షారముతో కలిసి సబ్బగును, గ్లిసరిను విడివడదు. ఇప్పనూనెలో అవి ఒక్కొక్కప్పుడు 20 పాళ్ళ వఱకు నుండుట కద్దు. అప్పుడు సల్ఫ్యూరికామ్లముతో ఒక పాకము, క్షారముతో మఱియొక పాకము. వ్యయము రెట్టింపు కాకున్నను గణనీయముగ పెరుగును. ఇంకొక మాట. ఈ మిథనాలు అధికభాగము సహజవాయువునుండి తయారగునది, మన దేశము పెక్కువంతు విదేశములనుండి తెప్పించుకొనునది. బయోడీజిలును సంపూర్ణ స్వదేశి యనువారు ఈ పదవవంతును మఱువరాదు.

ఆముదమును గూర్చి వేఱుగ చెప్పవలసియున్నది. ఏలయన నల్లగొండ, మహబూబునగరము జిల్లాల మెట్టభూములలో ఆముదపు సాగు చిరకాలముగ నున్నది. ఈ నూనెలోని రిసినోలికామ్లమునందలి హైడ్రాక్సిల్ సమూహమువలన దాని ఎస్టరు సైతము డీజిలుకంటె మూడు నాలుగు రెట్లు చిక్కగనే యుండును. ప్రమాణములను ఒంటరిగ అది అందుకొనజాలదు, ఇతర ఎస్టరులలో కొంచెము కలుపుటకు మాత్రము పనికివచ్చును. బ్రెజిల్ ప్రభుత్వము 2004లో తన బయోడీజిల్ పథకమును ప్రారంభించునపుడు, ఈశాన్యమందలి నిఱుపేద రైతుల ఆముదపు చేలను ఆశ్రయముగ చూపినది. కాని రంగులు, కందెనలు, ఔషధములు చేయువారు ఆముదమునకు ఇంధనపు ధరకంటె ఎక్కువ యిచ్చుచుండుటచేత, కొలదికాలములోనే ఆ పథకము సోయాబీను చేతులలోనికి పోయినది. మంచి ధరగల నూనె మంటలోనికి రాదు. ఈ సత్యము తెలియుటకు బ్రెజిల్ వఱకు పోనక్కఱలేదు. జడ్చర్ల మార్కెట్ యార్డులో ఏ కమీషను వ్యాపారి నడిగినను చెప్పును.

ఇక ఇంజను సంగతి. బయోడీజిలునందు బరువులో నూటికి సుమారు 11 పాళ్ళు ప్రాణవాయువు ఇమిడియున్నది. దీనివలన రెండు ఫలితములు కలుగును. ప్రాణవాయువు ఇంధనము కాదు కనుక, కిలోకు డీజిల్ 42 లేక 43 మెగాజౌళ్ళ ఉష్ణమీయగా ఇది 37, 38తో తృప్తిపడును. సాంద్రత అధికమగుటచే లీటరు లెక్కన లోటు నూటికి 8, 9 పాళ్ళు మాత్రమే. 20 పాళ్ళ మిశ్రమమున అది 2 పాళ్ళకు లోపలనే నిలుచును. లారీ డ్రైవరు కాలిక్రింద ఈ భేదము తెలియదు. యజమాని నెలసరి లెక్కలో తెలిసిన తెలియును. రెండవ ఫలితము ఇంధనపు తుంపర నడుమ, బయటిగాలి చొరజాలని తావున, లోపలినుండియే ప్రాణవాయువు అందుటచే మసి తగ్గుట. అమెరికా పర్యావరణ సంస్థ పెద్ద ఇంజనులపై జరిగిన పరీక్షలనన్నిటిని కూర్చి 2002లో ప్రకటించిన లెక్కలలో, 20 పాళ్ళ మిశ్రమమున సూక్ష్మకణములు 10 శాతము, కార్బన్ మోనాక్సైడు 11 శాతము, మండని హైడ్రోకార్బనులు 21 శాతము తగ్గి, నైట్రోజన్ ఆక్సైడులు 2 శాతము పెరిగినవి. శుద్ధ బయోడీజిలుతో ఆ పెరుగుదల 10 శాతము వఱకు పోవును. మన ప్రయోగశాలల అంకెలును చాలవఱకు ఈ దిశనే చూపుచున్నవి.

ఈ నైట్రోజన్ ఆక్సైడుల వృద్ధికి కారణమును వెదకుటయందు పరిశోధకులు చాల పరిశ్రమించిరి. ఈ సాహిత్యములో నిక్కముగ చదువదగిన భాగమిదియే యని నా యభిప్రాయము. పాతరకపు ఇంజనులలో పంపు పుట్టించిన పీడనము గొట్టమువెంట అలవలె ప్రయాణించి ఇంజెక్టరు సూదిని లేపును. బయోడీజిల్ డీజిలుకంటె అణగుట తక్కువ. కావున ఆ అల త్వరగ చేరి, సూది రమారమి ఒక డిగ్రీ ముందుగ లేచును. మంట ముందుగ మొదలై, అధికోష్ణమున వాయువులు మఱికొంతసేపు నిలుచును. గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కూడుటకు అది యనువైన కాలము. ఇంతటితో సమస్య తీరినదని కొందఱు తలచిరి. కాని కామన్‌రైలు ఇంజనులు వచ్చి, సూదిని విద్యుత్తే లేపు కాలమునందును కొన్ని పరీక్షలలో ఆక్సైడులు పెరుగుచునే యున్నవి. మసి తగ్గినచో మంట తన వేడిని కాంతిరూపమున వెదజల్లుట తగ్గును, తన్మూలమున జ్వాల మఱింత వేడెక్కును అను వాదమప్పుడు ముందుకు వచ్చినది. తుంపర అంచున ఇంధన, వాయువుల పాలు మారుటయు, అణువులోని ద్విబంధముల సంఖ్యయు సైతము కారణములని మఱికొందఱనిరి. ద్విబంధములు హెచ్చుగల సోయా ఎస్టరుకంటె, తక్కువగల పామ్ ఎస్టరు ఈ విషయమున మేలనుట మాత్రము దృఢముగ స్థిరపడినది. ఇంజెక్షను సమయమును ఒకటి రెండు డిగ్రీలు వెనుకకు జరిపినను, పొగగొట్టపు వాయువును కొంత తిరిగి లోనికి పంపినను ఈ దోషము పోవును. కాని తగ్గిన మసిలో కొంత మరల తిరిగివచ్చును. భారత్ స్టేజి 6 వాహనములలో యూరియా ద్రావణమును చిమ్మి ఈ ఆక్సైడులను గొట్టములోనే విఱుగగొట్టు ఏర్పాటున్నది గనుక, రెండు శాతముల వృద్ధి అచట పెద్ద చిక్కు కాదు.

అచటి చిక్కు వేఱు. మసిని పట్టు వడపోతను శుభ్రపఱచుటకై కొన్ని ఇంజనులు మంట ముగిసిన పిమ్మట మఱికొంత ఇంధనమును సిలిండరులోనికి చిమ్మును. డీజిలులోని తేలికభాగములు ఆవిరియై పోవును. బయోడీజిల్ 330 డిగ్రీలకు పైబడి గాని మరుగదు. గోడలనంటి, రింగులను దాటి, క్రింది ఇంజనాయిలులో చేరి దానిని పలుచన చేయును. బాగుగ కడుగని ఎస్టరులో మిగిలిన సోడియము, పొటాషియము, భాస్వరములు ఉత్ప్రేరకపు పెట్టెలను పాడుచేయును. వాహననిర్మాతలు 7 పాళ్ళ వద్ద గీత గీయుటకు ఇవి ముఖ్యకారణములు. ఐరోపా ప్రమాణమును, మన డీజిల్ ప్రమాణమగు ఐ.ఎస్. 1460యు సైతము ఆ 7 పాళ్ళను అంగీకరించినవి. 6 మొదలు 20 పాళ్ళ మిశ్రమములకు ఐ.ఎస్. 16531, శుద్ధ బయోడీజిలునకు ఐ.ఎస్. 15607 వేఱుగ నున్నవి.

ఒక ఉపకారము చెప్పకుండరాదు. గంధకమును తొలగించు ప్రక్రియలో డీజిల్ తన కందెనగుణమును సైతము కోల్పోవును. పంపులోని లోహభాగములు ఒరసుకొని అరుగును. బయోడీజిల్ రెండు పాళ్ళు చేర్చిన చాలును, ఆ లోటు తీరును. గంధకము పది లక్షలకు 10 పాళ్ళకు దిగిన ఈ కాలమున, మిశ్రమమును గూర్చి ఇంజను తరపున చెప్పదగిన బలమైన మాట ఇదియే. విచిత్రమేమన, మన వ్యాసకర్తలలో దీనిని ప్రస్తావించువారు అరుదు.

నిలువలో మాత్రము ఈ ఇంధనము చంచలము. ద్విబంధములున్నచోట గాలి సోకి ఆమ్లములు, బంక పుట్టును. రాగి, ఇత్తడి తగిలినచో ఆ వేగము హెచ్చును. మన ఎండలలో, సగము నిండిన పీపాలో, రెండు మూడు నెలలు నిలిచిన బయోడీజిలును పరీక్షింపక పోయుట సాహసము. పాత ఇంజనులలోని సహజరబ్బరు గొట్టములు, నైట్రిల్ రబ్బరు సీళ్ళు ఉబ్బును. ఫ్లోరోకార్బన్ రబ్బరు నిలుచును. మొదటిమారు పోసినపుడు ఈ ద్రవము ట్యాంకులో ఏండ్లతరబడి పేరుకొన్న మడ్డిని కరగించి ఫిల్టరును మూయును. మెకానికు ఇంధనమును తిట్టును. నిజమునకది ట్యాంకును కడిగిన ఫలము, రెండు ఫిల్టర్లు మార్చిన సర్దుకొనును. చలిదేశములలో మైనము కట్టు బాధ గొప్పది: 2005లో మినెసోటా రాష్ట్రము 2 పాళ్ళ మిశ్రమమును నిర్బంధము గావించిన తొలి చలికాలమందే లారీల ఫిల్టర్లు మూసుకొని, ఆ నియమమును కొంతకాలము నిలుపవలసివచ్చినది. హైదరాబాదులో ఆ భయము లేదు.

ఇన్ని విషయములు తెలిసినవి ఎక్కడనుండి? దీర్ఘకాలపు పరీక్షలనుండి, రోడ్డుమీద తిరిగిన వాహనములనుండి. 2004లో భావనగరమందలి ఉప్పు, సముద్ర రసాయన పరిశోధనసంస్థవారు తయారుచేసిన అడవి ఆముదపు బయోడీజిలుతో మెర్సిడెస్ కార్లు దేశమున వేలకొలది కిలోమీటర్లు తిరిగినవి. అట్టి ప్రయోగములలో ఇంజను విప్పి చూచెదరు, అరుగుదల కొలిచెదరు, నూనె పరీక్షించెదరు. కాలేజీ దిమ్మమీది ఏకసిలిండరు ఇంజను అరగంట నడచి ఇచ్చు గ్రాఫు ఈ పని చేయజాలదు. ఇంకను అదే గ్రాఫును ఇంకొక గింజతో గీయుటకు మన యువకుల రెండు మూడు సంవత్సరముల ఆయుస్సు వెచ్చించుట వృథాశ్రమయని చెప్పుటకు నేను వెనుదీయను.

రెండవ ప్రశ్నకు వచ్చుచున్నాను. కేంద్ర ప్రణాళికాసంఘపు ఉపసంఘము 2003 ఏప్రిలులో నివేదిక నిచ్చుచు, 2012 నాటికి డీజిలులో 20 పాళ్ళు కలుపవచ్చుననియు, దానికై కోటి పదిలక్షల హెక్టార్లకు మించిన బీడుభూములలో అడవి ఆముదమును నాటవలెననియు సూచించినది. హెక్టారునకు 2500 మొక్కలు, మొక్కకు కిలోన్నర గింజలు, అనగా హెక్టారునకు సుమారు 3.75 టన్నులు; లెక్క కాగితముపై అందముగ నున్నది. అంతకుముందే, 2002 డిసెంబరు 31న, రైల్వేవారు 5 పాళ్ళ మిశ్రమముతో ఢిల్లీ, అమృతసరముల నడుమ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను నడిపియుండిరి. నర్సరీలు వెలసెను, మొక్కల వర్తకులు బాగుపడిరి. బ్రిటిష్ పెట్రోలియం వంటి మహాసంస్థ 2007లో అడవి ఆముదపు సాగు చేపట్టిన డి1 ఆయిల్స్ కంపెనీతో పొత్తు కలిసి, రెండేండ్లకే విరమించుకొన్నది.

కారణము దుర్గ్రాహ్యము కాదు. అడవి ఆముదము నీరులేనిచోట బ్రదుకును. బ్రదుకుట వేఱు, కాచుట వేఱు. బీటవారిన నేలలో హెక్టారునకు టన్ను గింజ రాలుటయే గగనమయ్యెను. అది మేలురకములుగ తీర్చబడిన పంట కాదు, అడవిమొక్క. ఒక గుత్తిలోని కాయలే ఒకేమారు పండవు. కోయు కూలి గింజ ధరను మ్రింగును. పిండిలోని విషమువలన పశువులకు పెట్టరాదు. ఇక బీడుభూములు అని కాగితముపై వ్రాసికొన్నవి నిజమునకు ఎవరో ఒకరి మేకలు మేయు తావులు, ఎవరో ఒకరు కట్టెపుల్లలేరుకొను తావులు. ప్రభుత్వము 2005లో ప్రకటించిన కొనుగోలు ధర లీటరునకు 25 రూపాయలు. ఆ ధరకు తయారీఖర్చే గిట్టలేదు.

కానుగ కథ దీనికి కొంత భిన్నము. అది మనకు క్రొత్తది కాదు. దాని రొట్ట వరిమళ్ళలో త్రొక్కుట, నూనె దీపమునకు, పిండి ఎరువునకు వాడుట తరతరముల వాడుక. పశువులు మేయవు, వేళ్ళు నత్రజనిని పట్టును, గింజలో నూటికి 30 పాళ్ళ చుట్టును నూనె యుండును, అందు ఓలియికామ్లము సగమునకు చేరువగనుండుట ఇంజనునకు మంచిది. బెంగుళూరు భారత విజ్ఞానసంస్థకు చెందిన ఉడుపి శ్రీనివాస కర్ణాటక పల్లెలలో కానుగనూనెతో జనరేటర్లను నడిపించి, ఆ విద్యుత్తుతో నీరు తోడించెను. నాటి ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడలో గోండు స్త్రీల సంఘము, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞుల సాయముతో కానుగ నాటి, గానుగ పెట్టుకొని, డీజిలునకు బదులుగ వాడబోవు నూనెవలన పదేండ్లలో తగ్గగల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కను 2003లో ప్రపంచబ్యాంకునకు 645 డాలర్లకు అమ్మిరి. మొత్తము చిన్నది. దానిని పెద్దది చేసి చెప్పిన పత్రికలు కలవు. చిన్నది యని త్రోసివేసిన అర్థశాస్త్రజ్ఞులును కలరు. నా దృష్టిలో దాని విలువ డాలర్లలో లేదు: గింజ ఏఱుట, ఆడుట, నూనె వాడుట, పిండి పొలమున చల్లుట అను నాలుగు పనులును ఒకే ఊరిలో జరిగినచో రవాణా ఖర్చును, దళారియు ఉండరు, ఆమ్లములు పెరుగుటకు ఎడము కూడ ఉండదు. పట్టణపు కర్మాగారము ఈ సౌలభ్యమును పొందజాలదు.

కర్మాగారముల గతి చూడుడు. కాకినాడ తీరమున పెద్దపెద్ద బయోడీజిల్ కర్మాగారములు వెలసినవి. రేవు ప్రక్కనే కట్టుటలోనే వాటి తత్త్వము తెలియుచున్నది: కానుగ బండ్లకై కాక, ఓడలమీద వచ్చు పామాయిలు ఉపఫలములకై అవి ఎదురుచూచినవి. యంత్రములు దినమునకు వందల టన్నులడుగును. అడవి గింజ సంవత్సరమున రెండు మూడు నెలలు మాత్రమే రాలును.

ఒక చిన్న లెక్క వేయుదము. 2018 జాతీయవిధానము 2030 నాటికి డీజిలులో 5 పాళ్ళను ఆశించుచున్నది. దేశపు డీజిల్ వాడుక సంవత్సరమునకు సుమారు 9 కోట్ల టన్నులు. 5 పాళ్ళనగా 45 లక్షల టన్నులకు పైబడిన బయోడీజిల్, అంతియే నూనె. గానుగలో నూటికి 25 పాళ్ళు పిండగలిగినచో 1 కోటి 80 లక్షల టన్నుల కానుగగింజ కావలెను. చెట్టునకు 15 కిలోలు వచ్చునని ఉదారముగ భావించినను 120 కోట్ల చెట్లు; హెక్టారునకు 400 చొప్పున 30 లక్షల హెక్టార్లు. అసాధ్యమని కాదు, కాని ఆ గింజనంతయు ఏఱు చేతులెన్ని, ఆ చేతులకిచ్చు కూలి యెంత యనునది ఏ విధానపత్రమునందును కనబడదు. వంటనూనెనైనచో తాకనే రాదు. సగమునకు పైగ దిగుమతి చేసికొను దేశము నూనెను ఇంజనులో పోయుట వివేకము కాదు.

మిగులు నూనెగల దేశములు వేఱుత్రోవ త్రొక్కినవి. ఇండోనేషియా పామాయిలు ఎగుమతిపై సుంకము వసూలుచేసి, ఆ ధనముతో మిశ్రమమును 2020లో 30 పాళ్ళకు, 2025లో 40 పాళ్ళకు పెంచినది. బ్రెజిల్ 2008లో 2 పాళ్ళతో మొదలిడి 2025లో 15కు చేర్చినది. ఈ అంకెలను చూచి ఇంజను 40 పాళ్ళను మెచ్చినదనుకొనరాదు. పామాయిలు ధర నిలుపవలెనను కోరికయే అచట మెచ్చుకోలు. జర్మనీలో ఒకప్పుడు వేయికి పైగా బంకులలో శుద్ధ ఆవనూనె ఎస్టరు అమ్మిరి. 2006లో పన్ను పడగనే కొనువారు కరగిరి. ఇక 2008లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన, పీట్ నేలల అడవిని నఱికి నాటిన పామ్ తోట, ఆ నఱుకుటవలన వెలువడిన కర్బనపు ఋణమును తీర్చుటకు 400 సంవత్సరములకు పైబడునని లెక్కగట్టినది. ఐరోపా సంఘము పంటనూనెల ఇంధనమునకు పరిమితి విధించుటకు ఇట్టి లెక్కలే దారితీసినవి. మొక్కనుండి వచ్చినంతమాత్రమున ఇంధనము పవిత్రము కాదు. ఏ భూమినుండి యనునది ముందు తేలవలెను.

వాడిన వంటనూనె ఒక్కటి ఈ దోషములకు దూరము. ఆహారభద్రతాసంస్థ 2018లో, వేపుడునూనెలో చెడు పదార్థములు 25 శాతము మించినచో వాడరాదని నియమించి, దానిని బయోడీజిలునకు మరల్చు పథకమును ప్రకటించినది. కాని పెద్ద హోటలు వాడి విడిచిన నూనె చిన్న హోటలునకు, అచటినుండి సాయంకాలపు బజ్జీల బండికి పోవుట మన నగరముల పాతవాడుక. బజ్జీబండి ఇచ్చు ధరకంటె హెచ్చు ధర ఇంధనపు కొనుగోలుదారు ఇయ్యగలిగినపుడే ఈ పథకము నెగ్గును. అపుడు ఇంజనునకంటె ముందు ప్రజల ఉదరములకు మేలు కలుగును. నూనెను ఎస్టరుగ మార్చక, ఉదజని వాయువుతో శుద్ధిచేసి డీజిలుతో సమానమగు ద్రవముగ మార్చు క్రొత్తవిధానము నిలువ, చలి, రబ్బరు మున్నగు చిక్కులనన్నిటిని తొలగించును. అయితే అది రిఫైనరీ ప్రమాణపు పని, పల్లెకు అందునది కాదు.

కానుగమొక్కను నేడు నాటినచో నాలుగైదేండ్లకుగాని కాపు రాదు, పదేండ్లకుగాని నిండుకాపు పట్టదు. ఈలోపల ఇంజనుల లోకమే మారుచున్నది. మిశ్రమముతో శతాబ్దిని నడిపిన రైల్వేలు బ్రాడ్‌గేజి మార్గములను దాదాపు పూర్తిగ విద్యుదీకరించినవి. నగరపు బస్సులు విద్యుత్తువైపు మరలుచున్నవి. బరువులారీ, ట్రాక్టరు, వరికోతయంత్రము, సముద్రమున మరపడవ ఇప్పట్లో డీజిలును విడుచునవి కావు. మిశ్రమమునకు తగిన తావులును ఇవియే. వీనిలో పెక్కింటి యజమానులు గింజ పండు పల్లెలకు చేరువవారే. అయినను చమురు కంపెనీలు బయోడీజిల్ కొనుట స్వల్పకాలపు టెండర్లమీద సాగుచున్నది, చెట్టు కాచుట పదేండ్ల లెక్కమీద. గట్లవెంట కానుగ నాటుడని చెప్పవచ్చిన అధికారిని రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: గింజ కిలో ఎంతకు, ఎన్నియేండ్లవఱకు కొందురు? మండల కేంద్రమున ఒక గానుగ, చుట్టుప్రక్కల ట్రాక్టర్లకు 20 పాళ్ళ మిశ్రమము, పదేండ్లకు వ్రాసియిచ్చిన ధర: ఈ మూడును ఒకచోట కుదిరిన మండలమునందు ఇంజనును నూరు గంటలు కాక వేయి గంటలు నడిపి, విప్పి, కొలిచి వ్రాసిన వ్యాసమే ఇకమీదట చదువదగిన వ్యాసము.